టెలిస్కోప్ లేకుండా మేడ మీద నుంచే సౌరకుటుంబం నేర్చుకోవడం ఎలా: పర్లాకిమిడిలో పిల్లలతో చేసి చూసిన పద్ధతి

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. కాస్త దూరం పోతే పాతపట్నం, అంటే ఆంధ్రా వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపేసి మాట్లాడేస్తాం. సాయంత్రం పూట మా మేడ మీద ఓ పదిమంది గుంటలకి లెక్కలు, సైన్సు చెప్తుంటాను. కొన్నేళ్ల కిందట ఒకరోజు సౌరకుటుంబం పాఠం వచ్చింది, బుధ, శుక్ర, పృథ్వీ, మంగళ అంటూ ఎనిమిది పేర్లూ ఒక్క గుక్కలో చెప్పేశారు. అప్పుడు తూర్పున బాగా వెలుగుతున్న గురుడు కనిపిస్తుంటే "మరి అదేంటి?" అని అడిగా, ఒక్కరికీ తెలీలేదు, ఒకడైతే శాటిలైట్ అన్నాడు. పేర్లన్నీ నోటికొచ్చు, నెత్తి మీద ఉన్నదాన్ని మాత్రం గుర్తుపట్టలేరు. ఆరోజు నుంచి నేను పాఠం తిరగేసి చెప్పడం మొదలుపెట్టాను, అంటే ముందు కొలవడం, తర్వాతే పుస్తకం.

దీనికి నాకు ధైర్యం ఇచ్చింది మన ఒడిశా వాడే, పఠాణి సామంత. అసలు పేరు సామంత చంద్రశేఖర్, 1835లో ఖండపడాలో పుట్టారు, 1904లో పోయారు. టెలిస్కోప్ లేదు, ఇంగ్లీషు చదువు లేదు, వెదురు కర్రలు, చెక్కలతో తనే పరికరాలు చేసుకుని ఏళ్ల తరబడి ఆకాశం కొలిచారు. రెండు కర్రలు టి ఆకారంలో బిగించి చేసిన మానయంత్రం అనేది ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేదట. ఆ కొలతలతో రాసిన సిద్ధాంత దర్పణం 1899లో కలకత్తాలో అచ్చయింది. భువనేశ్వర్‌లో ప్లానెటేరియంకి ఆయన పేరే పెట్టారు. ఆయన కర్రలతో అంత చేస్తే మనం కర్రతో కనీసం మన ఊరి సంగతి తెలుసుకోలేమా అని నా పట్టుదల.

ఇంకోమాట, గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు ఇది, మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని పోరాడిన మనిషి. అందుకని నేనూ మాట్లాడినట్టే రాసుకుపోతున్నా.

ముందు సామాన్లు, చేతి లెక్క

పెద్దగా ఏం కొనక్కర్లేదు. తిన్నగా ఉన్న ఒక మీటరు కర్ర, సుద్దముక్క, టేపు, దారం, ఒక నోట్‌బుక్, ఆ ఏడాది తెలుగు పంచాంగం, దొరికితే ఒడియా పాంజి, అంటే వాళ్ల పంచాంగం కూడా. రాత్రికి టార్చ్ అద్దం మీద ఎర్ర జిలుగు కాగితం కట్టుకోండి, తెల్ల లైటు ఒక్కసారి కళ్లలో పడితే మళ్లీ చీకటికి అలవాటు పడ్డానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. ఫోన్ జేబులో పెట్టేయండి. ఏ చుక్క ఏదో చూపించే స్టెల్లేరియం లాంటి యాప్ మంచిదే కానీ ముందు మీరు చూసి, గెస్ చేసి, చివర్లో సరిచూసుకోవడానికి వాడండి.

అసలు పరికరం మీ చెయ్యే. చెయ్యి తిన్నగా ముందుకు చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు కలిపితే 5, చిటికెన వేలు 1. చిన్నపిల్లలకి కుదరదేమో అనుకుంటారు, కుదురుతుంది, ఎందుకంటే వాళ్ల పిడికిలి చిన్నది, చెయ్యి కూడా పొట్టిదే, లెక్క సరిపోతుంది. ఒకసారి ఎదురుగా ఆకాశం అంచు నుంచి నడినెత్తి దాకా పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ వెళ్లండి, తొమ్మిది రావాలి. ఎనిమిదే వస్తే చెయ్యి వంగుతోందని అర్థం. పున్నమి చంద్రుడు ఎంత పెద్దగా కనిపించినా చిటికెన వేల్లో సగమే, అర డిగ్రీ. ఇది చెప్తే ఎవరూ నమ్మరు, వేలు అడ్డం పెట్టి చూసుకోమనండి.

మొదటి మెట్టు: కర్ర నీడ

చాలామంది నక్షత్రాలతో మొదలుపెడతారు, నేను మాత్రం పగలే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది నీడే.

మేడ మీద చదునుగా ఉన్న చోట కర్ర నిలబెట్టండి. బక్కెట్లో ఇసక పోసి గుచ్చితే చాలు, కానీ నేల నుంచి కర్ర కొస దాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు వచ్చేలా చూసుకోండి. నిలువుగా ఉందో లేదో తాపీమేస్త్రి దగ్గరుండే తాడు గుండుతో చూడండి, దారానికి రాయి కట్టినా అదే పని చేస్తుంది. మొదటిసారి మా కర్ర కొంచెం పడమరకి వంగింది, వారం రోజుల కొలతలు పోయాయి.

ఇప్పుడు ఉదయం 11 నుంచి పావుగంటకోసారి నీడ కొస దగ్గర సుద్దతో చుక్క పెట్టండి, మధ్యాహ్నం 1 దాకా. నీడ చిన్నదవుతూ చిన్నదవుతూ వచ్చి మళ్లీ పెరుగుతుంది. అన్నిటికన్నా పొట్టి నీడ పడిన టైమే మీ ఊరి అసలు మధ్యాహ్నం, ఆ నీడ పడిన గీతే ఉత్తర దక్షిణాల గీత. అది 12కి రాదు చూడండి. మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి పెట్టారు, పర్లాకిమిడి దానికి ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు తూర్పున ఉంది, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మా మధ్యాహ్నం సగటున 11:53 ప్రాంతంలోనే వచ్చేస్తుంది. పైగా అది ఏడాదంతా ఒక్కలా ఉండదు, నవంబర్ మొదట్లో 11:37 దగ్గరికి జరుగుతుంది, ఫిబ్రవరి మధ్యలో 12 దాటి ఓ 8 నిమిషాలకి పోతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరిగ్గా గుండ్రం కాకపోవడం, ఇరుసు వంగి ఉండడం, రెండూ కలిసి చేసే పని ఇది.

ఇది వారానికోసారి చేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏడాదిలో మా మేడ మీద 100 సెంటీమీటర్ల కర్రకి మధ్యాహ్నం నీడ ఇలా మారుతుంది. డిసెంబర్ 21 ప్రాంతంలో 90, ఉత్తరం వైపు. మార్చి 20, సెప్టెంబర్ 23 ప్రాంతాల్లో 34. మే 14కి అటూ ఇటూ ఒకరోజు అసలు నీడే ఉండదు, కర్ర అడుగునే ఉండిపోతుంది. మళ్లీ జులై 29 ప్రాంతంలో కూడా అంతే కానీ అప్పుడు వానాకాలం, మబ్బులు వదలవు. ఆ రెండు తేదీల మధ్యలో ఏం జరుగుతుందో తెలుసా, నీడ దక్షిణం వైపు పడుతుంది. ఒక జూన్‌లో వానలు ఆలస్యమై ఎండ దొరికింది, 21వ తారీఖు మేడెక్కాం. నీడ ఎనిమిది సెంటీమీటర్లుంది, అంటే నా నాలుగు వేళ్లంత. అది కర్రకి ఇవతలి పక్క, ఎప్పుడూ చుక్కలు పెట్టే వైపు కాకుండా రెండో వైపు పడి ఉంది. ఆరో తరగతి గుంటడు వంగి చూసి "ఏటి మేష్టారూ, నీడ దక్షిణంపక్కకెల్లిపోనాది!" అని అరిచాడు. సూర్యుడు మనకి ఉత్తరానికి వెళ్లిపోయాడని పుస్తకం ఎన్నిసార్లు చదివినా వాడికి ఆ అరుపు వచ్చేది కాదు.

ఎందుకిలా అంటే భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వంగి ఉంది, ఆ వంపుతోనే సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. ఎండాకాలం వచ్చేది సూర్యుడికి దగ్గరయ్యాం కాబట్టి కాదు, ఇది చాలామంది పెద్దవాళ్లు కూడా తప్పు చెప్తారు. నిజానికి జనవరి మొదట్లో, మనం చలికి వణికేప్పుడే భూమి సూర్యుడికి బాగా దగ్గర, 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో దూరం, 15.2 కోట్లు. దూరం కాదు, ఎండ ఎంత నిటారుగా పడుతోంది, పగలు ఎంతసేపు ఉంది, ఈ రెండే ముఖ్యం.

ఇక్కడే సంక్రాంతి ప్రశ్న వస్తుంది, ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. ఉత్తరాయణం మకర సంక్రాంతికి మొదలు కదా, మరి నీడ తగ్గడం డిసెంబర్ 22 నుంచే మొదలైందేం? నీడని నమ్మండి. జనవరి 14కి నీడ 90 నుంచి 84కి తగ్గిపోయి ఉంటుంది. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తిరుగుతుంది, ఒక చుట్టుకి దాదాపు 26,000 ఏళ్లు, అంటే 72 ఏళ్లకి ఒక డిగ్రీ. సంక్రాంతి అంటే నక్షత్రాలతో కట్టిన లెక్క, సూర్యుడు మకర రాశిలోకి రావడం. ఒకప్పుడు, దాదాపు పదిహేడు వందల ఏళ్ల కిందట రెండూ కలిసే ఉండేవి, ఇప్పుడు 24 డిగ్రీలు విడిపోయాయి. పండగ తప్పు కాదు, అది దేన్ని లెక్కపెడుతోందో తెలుసుకోవాలి అంతే.

మార్చి 20 నాటి 34 సెంటీమీటర్ల నీడని మాత్రం మర్చిపోకండి. కాగితం మీద నిలువు 100, అడ్డం 34 లెక్కన త్రిభుజం గీసి కర్ర కొస దగ్గర కోణం ప్రొట్రాక్టర్‌తో కొలవండి, దాదాపు 19 డిగ్రీలు వస్తుంది. ఆ 19తో రాత్రి పనుంది.

రెండో మెట్టు: పెంకుటింటి కన్నంతో సూర్యుడి సైజు

సూర్యుడిని తిన్నగా చూడకూడదు, ఎప్పుడూ చూడకూడదు, ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టుకుని చూసినా, పసుపు నీళ్ల పళ్లెంలో నీడ చూసినా కళ్లకి దెబ్బే. కంటి వెనకపొర కాలిపోతున్నప్పుడు నొప్పి తెలీదు, అదే భయం. కానీ కొలవాలంటే చూడక్కర్లేదు.

మా అమ్మమ్మగారిల్లు పాత పెంకుటిల్లు. మధ్యాహ్నం గది చీకటిగా ఉంటే పెంకుల సందులోంచి ఎండ దారంలా దిగి నేల మీద గుండ్రంగా పడేది, చిన్నప్పుడు దాన్ని దోసిట్లో పట్టుకునేవాళ్లం. సందు గుండ్రంగా లేదు, వంకరటింకరగా ఉంది, మరి వెలుగు గుండ్రంగా ఎందుకు పడింది? ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. గ్రహణం రోజు అదే వెలుగు నెలవంకలా మారిపోతుంది, చింతచెట్టు కింద కూడా నేలంతా నెలవంకలే పడతాయి.

పెంకుటిల్లు లేకపోతే కిటికీకి అట్టముక్క కట్టి బాల్ పెన్ను ములుకుతో కన్నం పెట్టండి. కన్నం నుంచి వెలుగు పడిన చోటికి దూరం కొలవండి, తెల్లకాగితం ఆ వెలుగుకి ఎదురుగా, అడ్డంగా పట్టుకుని దాని వెడల్పు కొలవండి. మాకు దూరం 310 సెంటీమీటర్లు, వెలుగు వెడల్పు 2.9. భాగిస్తే దాదాపు 107. మీరు ఎంత దూరంలో చేసినా ఈ 107 దగ్గరికే వస్తుంది, ఎందుకంటే అది సూర్యుడి దూరానికీ, సూర్యుడి వెడల్పుకీ ఉన్న నిష్పత్తి. సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లు, దాన్ని 107తో భాగించండి, 14 లక్షల కిలోమీటర్లు. అసలు విలువ 13.9 లక్షలు. అట్టముక్కతో ఆ గుండ్రాన్ని కొలిచేశాం. భూమి వెడల్పు 12,756, అంటే సూర్యుడి మీద అడ్డంగా 109 భూములు పట్టేస్తాయి.

మూడో మెట్టు: చంద్రుడు, రెండు పంచాంగాలు

మనవాళ్లకి ఇది సగం ముందే వచ్చు, వచ్చని తెలీదంతే. తిథి అంటే ఏంటో అడగండి, పూజకి చూసేది అంటారు. అసలు అర్థం ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం, 12 డిగ్రీలకి ఒక తిథి. అమావాస్య నుంచి 30 తిథులు తిరిగితే 360 డిగ్రీలు, దానికి 29.5 రోజులు.

శుక్లపక్షంలో సాయంత్రం సూర్యుడు దిగే చోటు నుంచి చంద్రుడి దాకా పిడికిళ్లు లెక్కపెట్టండి. ఆరు పిడికిళ్లు వచ్చాయంటే 60 డిగ్రీలు, 12తో భాగిస్తే 5, పంచమి అయిపోవస్తోంది. తొమ్మిది వస్తే అష్టమి, సగం చంద్రుడు. పంచాంగం తీసి సరిచూసుకోండి, ఒక్క తిథి అటూ ఇటూ అంతే తేడా. మా దగ్గర తొమ్మిదేళ్ల పిల్ల ఇలా కొలిచి "రేపు ఏకాదశి, నాయనమ్మకి ఉపవాసం" అని చెప్పేసింది, పంచాంగం చూస్తే నిజమే.

ఇంకా దగ్గరగా చూడాలంటే చంద్రుడి పక్కన ఏదైనా చుక్క ఉన్న రాత్రి పట్టుకోండి. వాళ్లిద్దరి మధ్య ఎంత ఖాళీ ఉందో బొమ్మ గీసుకుని, గంట ఆగి మళ్లీ చూడండి. చంద్రుడు తన వెడల్పంత తూర్పుకి జరిగిపోయి ఉంటాడు. రోజుకి 13 డిగ్రీలు ఇలా జరుగుతాడు కాబట్టే రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. నక్షత్రాల మధ్య ఒక చుట్టుకి 27.3 రోజులు, రోజుకో మజిలీ చొప్పున 27 నక్షత్రాలు, అశ్విని నుంచి రేవతి దాకా. నెలల పేర్లు కూడా అక్కడివే, పున్నమి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ నెల. కార్తీక పున్నమి నాడు మేడ మీదికెళ్లి చూడండి, చంద్రుడి దగ్గర్లో గుంపుగా చిన్న చుక్కలుంటాయి, అవి కృత్తికలు, మా నాయనమ్మ పిల్లలకోడి అనేది.

ఇప్పుడు సరిహద్దులో బతికేవాళ్లకి మాత్రమే ఎదురయ్యే సంగతి. మా వీధిలో ఒడియా వాళ్లకి కుమార పున్నమి, అంటే మన ఆశ్వయుజ పున్నమి, మర్నాటి నుంచే కార్తీకం మొదలైపోతుంది, మాంసం మానేస్తారు. మాకు దీపావళి అమావాస్య అయ్యాక గానీ కార్తీకం రాదు. పిల్లలు ఎవరిది కరెక్టు అని కొట్టుకుంటారు. ఇద్దరిదీ కరెక్టే, వాళ్లు నెలని పున్నమితో ముగిస్తారు, మనం అమావాస్యతో ముగిస్తాం, వెన్నెల పక్షం ఇద్దరికీ ఒకటే కాబట్టి కార్తీక పున్నమి ఇద్దరికీ ఒకేరోజు వస్తుంది. వాళ్ల కొత్త సంవత్సరం పణా సంక్రాంతి సూర్యుడి లెక్క, అందుకే ఏటా ఏప్రిల్ 14 దగ్గరే. మన ఉగాది చంద్రుడి లెక్క, అందుకే మార్చికీ ఏప్రిల్‌కీ మధ్య ఊగుతుంది. పన్నెండు చంద్రమాసాలు 354 రోజులే, ఏడాదికి 11 రోజులు తక్కువ, దాన్ని సరిచెయ్యడానికి మూడేళ్లకి కొంచెం లోపు ఒక అధికమాసం వేస్తారు, 2023లో శ్రావణం రెండుసార్లు రావడం అందుకే.

నాలుగో మెట్టు: 19 డిగ్రీల చుక్క

పగలు గీసిన ఉత్తర దక్షిణ గీత మీద నిలబడి ఉత్తరం వైపు చూడండి. ఆకాశం అంచు నుంచి రెండు పిడికిళ్ల ఎత్తులో ఒంటరిగా ఒక మామూలు చుక్క ఉంటుంది, అదే ధ్రువనక్షత్రం. ఆకాశంలో అన్నిటికన్నా వెలుగైనది అదేనని చాలామంది అనుకుంటారు, కాదు. ఎండాకాలం సాయంత్రాలు సప్తర్షులు పైన ఉంటారు కదా, ఆ మంచం ఆకారంలో తోక లేని వైపు చివరి రెండు చుక్కల్ని కలిపి ఆ గీతని అయిదింతలు సాగదీస్తే తిన్నగా దాని దగ్గరికే పోతుంది. చలికాలంలో సప్తర్షులు కిందుంటే ఎమ్ అక్షరంలా అయిదు చుక్కలుండే శర్మిష్ఠని పట్టుకోండి. సప్తర్షుల్లో తోక మధ్య చుక్క వశిష్ఠుడు, ఆనుకుని కళ్లు చికిలిస్తే కనిపించేది అరుంధతి, పెళ్లిలో పట్టపగలు చూపించేస్తారు, పెళ్లైనవాళ్లు ఒకసారి రాత్రి చూడండి.

దాని ఎత్తు రెండు పిడికిళ్లకి రవ్వంత తక్కువ, 19 డిగ్రీలు. పగలు కర్ర నీడ దగ్గర వచ్చిన నంబరే! ఆ నంబరే పర్లాకిమిడి అక్షాంశం, అట్లాసులో చూస్తే 18 డిగ్రీల 47 నిమిషాలు. సూర్యుడితో కొలిచినా చుక్కతో కొలిచినా ఒకటే వచ్చిందంటే భూమి గుండ్రంగా ఉండబట్టే. కన్యాకుమారి వెళ్తే ఈ చుక్క ఒక్క పిడికిలి ఎత్తుకి కూడా రాదు, 8 డిగ్రీలే. మహారాష్ట్రలో సిరొంచ తెలుగువాళ్లకి దాదాపు మా ఎత్తులోనే కనిపిస్తుంది, వాళ్లూ మా అక్షాంశంలోనే ఉన్నారు కాబట్టి.

చీకటి బాగా ఉండాలి దీనికి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లా బాగా దెబ్బతింది, ఇళ్లు పోయినవాళ్లు, మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కరెంటు రోజుల తరబడి లేదు. అమావాస్య దాటి కొన్ని రోజులే అయింది కాబట్టి చంద్రుడు తొందరగా దిగిపోయేవాడు. మబ్బులు విడిచాక ఒక రాత్రి మేడ మీద పడుకుంటే పాలపుంత ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించింది, దక్షిణాన కుజుడు నిప్పుకణికలా ఎర్రగా ఉన్నాడు. మా నాన్నగారు చాలాసేపు ఏం మాట్లాడకుండా చూసి, చిన్నప్పుడు రోజూ ఇలాగే ఉండేదిరా అన్నారు.

అయిదో మెట్టు: గ్రహాల్ని పట్టుకోవడం

మూడు గుర్తులు. గ్రహం మిణుకుమనదు, నిలకడగా వెలుగుతుంది, మరీ కిందుంటే తప్ప. సూర్యుడూ చంద్రుడూ నడిచే దారిలోనే ఉంటుంది, ఉత్తరాన ధ్రువుడి దగ్గర ఎప్పుడూ కనపడదు. వారాల మీద చూస్తే చుక్కల మధ్య జరుగుతుంది.

శుక్రుడు అన్నిటికన్నా సులువు, తెల్లగా, విమానం లైటేమో అనిపించేంత వెలుగు. వేగుచుక్కా, సాయంత్రం పడమట కనిపించే పెద్దచుక్కా రెండూ ఇతనే. సూర్యుడి నుంచి 47 డిగ్రీలు, అంటే అయిదు పిడికిళ్ల లోపే ఉంటాడు, అందుకే అర్ధరాత్రి నడినెత్తి మీద మీకు శుక్రుడు కనిపించడం జరగదు, మనకన్నా లోపలి దారిలో తిరుగుతున్నాడనడానికి అదే సాక్ష్యం. బుధుడు ఇంకా లోపల, 28 డిగ్రీలు దాటడు, సంధ్య వెలుగులోనే దొరకాలి, దొరక్కపోతే బెంగపడకండి.

కుజుడు ఎర్రగా ఉంటాడు, 26 నెలలకోసారి మనకి దగ్గరొచ్చి బాగా వెలిగి మళ్లీ మామూలైపోతాడు. ఆ దగ్గరి రోజుల్లోనే వెనక్కి నడుస్తాడు, పంచాంగంలో వక్రం అని రాసేది ఇదే. నిజంగా వెనక్కి నడవడు. గుణుపురం రైలెక్కి కిటికీ దగ్గర కూర్చుని పక్క రోడ్డు మీద అదే వైపు పోతున్న ఆటోని చూడండి, రైలు దాన్ని దాటేటప్పుడు వెనకున్న కొండలతో పోలిస్తే ఆటో వెనక్కి పోతున్నట్టే ఉంటుంది. మన భూమి రైలు, కుజుడు ఆటో.

గురుడి లెక్క మనకి పుష్కరాల్లో ఉంది. సూర్యుడి చుట్టూ ఒక చుట్టుకి 11.86 ఏళ్లు, ఏడాదికో రాశి, గురుడు సింహరాశికి వచ్చినప్పుడు గోదావరికి, కన్యకి వెళ్తే కృష్ణకి పుష్కరం, 2015లో అది, 2016లో ఇది. శనికి 29.5 ఏళ్లు, రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకి ఏడున్నర, ఏలినాటి శని అనే మాట పుట్టింది ఈ లెక్కలోంచే. ఫలితాలని నేను నమ్మను, పిల్లలకి ఆ భయం పెట్టొద్దని వాళ్ల అమ్మానాన్నలకి కూడా చెప్తాను, కానీ కంటితో చూసి ఇన్ని తరాలు ఈ నడకని ఇంత పట్టుగా రాసిపెట్టుకోవడం మాత్రం గొప్ప పని. మీరు కూడా నెలకోసారి గురుడి పక్క చుక్కలతో బొమ్మ గీయండి, నెలకి రెండు మూడు వేళ్ల వెడల్పు జరుగుతాడు.

7×50 గానీ 10×50 గానీ బైనాక్యులర్ ఎవరి దగ్గరైనా దొరికితే పిట్టగోడకి మోచేతులు ఆనించి గురుడిని చూడండి. పక్కన వరసగా రెండో మూడో నాలుగో సన్నటి చుక్కలుంటాయి, అవి గురుడి చంద్రులు, 1610 జనవరిలో గెలీలియో చూసినవే. రేపు మళ్లీ చూస్తే వరస మారిపోయి ఉంటుంది, అన్నిటికన్నా లోపలిది అయో, 42 గంటల చిల్లరలో చుట్టేసి వస్తుంది. శని వలయాలకి మాత్రం టెలిస్కోప్ కావాల్సిందే.

పిల్లలు తికమకపడేది ఒకటుంది, గుళ్లో నవగ్రహాలు తొమ్మిది, పుస్తకంలో ఎనిమిది. గుళ్లో సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు, భూమి లేదు, ఎందుకంటే మనం నిలబడి చూసేది అక్కడి నుంచే కదా. అయిదు కంటికి కనిపించేవి. రాహుకేతువులు వస్తువులు కాదు, చంద్రుడి దారి 5 డిగ్రీలు వంగి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు. పున్నమో అమావాస్యో ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం, లేకపోతే నెలకి రెండు గ్రహణాలు వచ్చేసేవి. యురేనస్‌ని 1781లో హెర్షెల్, నెప్ట్యూన్‌ని 1846లో బెర్లిన్ నుంచి కనిపెట్టారు, అవి పాత లెక్కల్లో లేవు. ప్లూటోని 2006లో మరుగుజ్జు గ్రహాల్లో కలిపేశారు.

ఆఖరి మెట్టు: పాతపట్నం రోడ్డు మీద సౌరకుటుంబం

ఒక సైన్స్ ఫెయిర్‌లో థర్మాకోల్ మోడల్ చూశాను, సూర్యుడు ఫుట్‌బాల్ అంత, భూమి క్రికెట్ బాల్ అంత, రెంటికీ మధ్య జానెడు. దానికే ప్రైజు కూడా వచ్చింది. ఆ బొమ్మ ఒకసారి బుర్రలో పడితే ఇంక పోదు, అందుకని చివర్లో తప్పకుండా ఇది చేయించండి.

సూర్యుడి నుంచి భూమికి ఉన్న దూరం 100 మీటర్లు అనుకుందాం. అప్పుడు సూర్యుడు 93 సెంటీమీటర్ల గుండ్రం, గోడ మీద సుద్దతో గీసేయండి. 39 మీటర్ల దగ్గర బుధుడు, సగం పెసరగింజ. 72 దగ్గర శుక్రుడు శనగగింజ, 100 దగ్గర భూమి, అదీ శనగగింజే. భూమికి జానెడు మీద కొంచెం, 26 సెంటీమీటర్ల దూరంలో ఆవగింజ, అది చంద్రుడు. మనుషులు నడిచింది ఆ జానెడే. సూర్యుడిని చూడ్డానికి మన దేశం పంపిన ఆదిత్య-ఎల్1 ఉన్నది భూమి నుంచి 15 లక్షల కిలోమీటర్లలో, ఇక్కడ ఒక్క మీటరు సూర్యుడి వైపు. 152 దగ్గర కుజుడు, పెసరగింజ. తర్వాత చాలాసేపు ఏం ఉండదు, నడుస్తూనే ఉండాలి, 520 మీటర్ల దగ్గర గురుడు, పెద్ద బత్తాయి. 950 దగ్గర శని, ఇంకాస్త చిన్న బత్తాయి. 1,900 దాటాక యురేనస్, 3 కిలోమీటర్ల దగ్గర నెప్ట్యూన్, రెండూ చిన్న నిమ్మకాయలు.

మేం శని దాకా నడిచాం, పొద్దున్నే, బళ్లు లేని టైములో. బత్తాయి చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగితే గోడ మీద సూర్యుడు కనిపించీ కనిపించకుండా చుక్కలా ఉన్నాడు, నిజంగా శని దగ్గర నుంచి చూస్తే అంతే సైజులో ఉంటాడు. ఎండ సూర్యుడి నుంచి భూమికి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు, ఈ రోడ్డు మీద ఆ లెక్కన నడవాలంటే అయిదు సెకన్లకి ఒక మీటరు, చీమ నడకలా ఉంటుంది. పిల్లలు కాసేపు అలా నడిచి విసిగిపోయారు. వెలుగు అంత నెమ్మదా అని అడిగారు, కాదు, చోటు అంత పెద్దది అన్నాను.

అన్నిటికన్నా దగ్గరి పక్క నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ ఎక్కడ పెట్టాలి అని వాళ్లే అడుగుతారు. ఇదే కొలతలో 26,800 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతే 40,000. ఆ పిల్ల, ఏకాదశి చెప్పిన పిల్ల, రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుని నోట్‌బుక్‌లో ఆ నంబరు రాసుకుని, కింద రెండుసార్లు గీత గీసి, బత్తాయి ఎవరు తింటారని అడిగింది.